ఆకరాలకు దారి తెలిసినవాళ్లు

నూరు నూటయాభై ఏళ్ల కిందట గోదావరి జిల్లాలోనో విజయనగరం వైపో తర్కమో వేదాంతమో చదవాలనుకున్న కుర్రవాడు పుస్తకం ఎక్కడ దొరుకుతుందని అడిగేవాడు కాదు. పాఠం ఎవరు చెబుతారని అడిగేవాడు. ఫలానా అగ్రహారంలో ఫలానావారు తర్కంలో గాదాధరి చివరిదాకా చెబుతారు, ఒక్క పంక్తి కూడా దాటవేయరు అన్న మాట ఊళ్లు దాటి వచ్చేది. ఆ మాట పట్టుకుని బయల్దేరేవాడు. ఆ ఊళ్లో వారాలు కుదుర్చుకుని, రోజుకో ఇంట భోజనం చేస్తూ, ఏళ్ల తరబడి గురువుగారి అరుగు మీద కూర్చునేవాడు. తాటాకుల కట్ట గురువుగారి అటక మీద ఉండేది. అక్కడ లేకపోతే ఎవరి ఇంట్లో ఉందో ఆయనకు తెలిసేది. ఆ ఇంటివారు ఇస్తారో ఇవ్వరో, ఆ ప్రతిలో ఎక్కడ ఆకులు పోయాయో, ఏ చోట వ్రాయసగాడు తప్పు రాశాడో కూడా చాలాసార్లు తెలిసేది. ఈ బతుకు ఇప్పుడు లేదు. అది పోయినందుకు బాధపడటం తేలిక, పోతే పోయింది మంచిదే అనడమూ తేలిక. కానీ పోయినదేమిటో సరిగ్గా గుర్తించడం కష్టం. దర్శనశాస్త్రాలకు ఆకరం అంటే మన దేశంలో చాలాకాలం గ్రంథం ఒక్కటే కాదు, ఆ గ్రంథాన్ని చదివి దానికి జవాబుదారీగా నిలిచిన మనిషి కూడా అని నేనంటాను. గ్రంథాలు చాలావరకు మిగిలాయి. ఆ రెండోది పోయింది. అది పోవడం వల్ల మిగిలిన గ్రంథాలు కూడా సగం మూగబోయాయి.

ఈ మాటకు మొదటి సాక్ష్యం శాస్త్రగ్రంథాల నడకలోనే ఉంది. నేటి పరిశోధకుడు ఎదుటివారి మతాన్ని ఖండించాలంటే వారి పేరు, పుస్తకం పేరు, పుట సంఖ్య కింద ఇస్తాడు. మన వ్యాఖ్యాతలు అలా చేయరు. పూర్వపక్షం ఎత్తుకునేటప్పుడు ‘కేచిత్’ (కొందరు) అంటారు, ‘అపరే’ (మరికొందరు) అంటారు, ‘ప్రాంచః’ (పాతవారు), ‘నవ్యాః’ (కొత్తవారు) అంటారు. పేర్లు ఉన్నా బిరుదుల రూపంలోనే ఉంటాయి. మణికారులంటే తత్త్వచింతామణి రాసిన గంగేశుడు, దీధితికారులంటే రఘునాథ శిరోమణి. ఇవి తర్కం వాసన తెలిసిన ఎవరికైనా తెలుస్తాయి. కానీ ఒక పుట మధ్యలో ఉన్నట్టుండి ‘కేచిత్తు’ అని మొదలయ్యే ఆక్షేపణ ఎవరిది? దాన్ని వాళ్లు ఏ సందర్భంలో, ఏ గ్రంథంలో అన్నారు? వ్యాఖ్యాత దాన్ని న్యాయంగా చెబుతున్నాడా, తనకు వీలుగా వంచుతున్నాడా? ఈ ప్రశ్నలకు జవాబు ఆ పుటలో లేదు. అది పాఠంలో ఉండేది. ఇది పక్షధరుల మతం, ఆయన ఆలోకమనే వ్యాఖ్యలో ఇలా కాదు అలా అన్నారు, కాబట్టి ఇక్కడ ఖండన పూర్తిగా తగలదు అని గురువు చెప్పేవాడు. ఆ ఒక్క మాటతో విద్యార్థికి మరో గ్రంథానికి దారి, అక్కడ ఏం వెతకాలన్న గుర్తు దొరికేవి. నేటి భాషలో అధస్సూచిక అనేది అప్పుడు గురువు నోట ఉండేది. అది కాగితం మీదికి రాకపోవడం అలసత్వం కాదు. పాఠం చెప్పేవాడు ఎప్పుడూ ఒకడు ఉంటాడన్న నమ్మకం మీదే ఆ గ్రంథాలను రాశారు.

చదువు వరసను చూసినా ఇదే తెలుస్తుంది. తర్కసంగ్రహంతో మొదలు. దాన్ని రాసిన అన్నంభట్టు తెలుగువాడని పండిత సంప్రదాయం. దేశమంతటా నేటికీ తర్కంలో తొలి వాచకం అదే. తర్వాత ఆయనే రాసిన దీపిక, ఆపైన విశ్వనాథుడి ముక్తావళి, దానికి దినకరి, దినకరికి రామరుద్రి. అటుపైన పంచలక్షణి, సిద్ధాంతలక్షణం, సామాన్యనిరుక్తి, వ్యుత్పత్తివాదం. వేదాంతంలో శాంకరభాష్యానికి భామతి, భామతికి కల్పతరువు, కల్పతరువుకు పరిమళం. ఒక్కో వ్యాఖ్య కింది గ్రంథాన్ని విప్పుతూ తానే మరో ముడి వేస్తుంది. ఏ మెట్టు మీద ఎంతసేపు నిలవాలో, ఏ వ్యాఖ్యలో ఏ భాగం వదిలేసినా నష్టం లేదో తెలియకపోతే పాతికేళ్లు చదివినా మధ్యలోనే ఉంటాం. ఈ వరస రాసిన జాబితా ఒక్కటి ఉంటే సరిపోదు. ఈ కుర్రవాడికి ఇప్పుడు దినకరి చాలు, రామరుద్రి తర్వాత చూద్దాం అనగల మనిషి కావాలి. వీటన్నింటికీ తోడు క్రోడపత్రాలు ఉండేవి. కష్టమైన ఒక చర్చ మీద ఒక పండితుడు తన పరిష్కారాన్ని రెండు మూడు పత్రాల్లో రాసి పెట్టుకుంటే, అది శిష్యుడికి, అక్కడినుంచి అతని శిష్యుడికి చేరేది. వాక్యార్థ సభలో ఎదుటివాడిని నిలవేయడానికి అవే ఆయుధాలు. ఏ జాబితాకూ ఎక్కని ఈ పత్రాలే నిజానికి ఆనాటి పరిశోధన వ్యాసాలు. ఎవరి దగ్గర ఏ క్రోడపత్రం ఉందో తెలియడం పెద్ద విద్య.

ఇక్కడ ఒక ఆక్షేపణ వస్తుంది. మనుషులను నమ్ముకున్న పద్ధతి కాబట్టే ఇన్ని గ్రంథాలు నశించాయి కదా, వాటిని ఎవరి ఇంట్లోనో కాక భాండాగారాల్లో దాచి ఉంటే మిగిలేవి కదా అని. ఇది బలమైన ఆక్షేపణ, దీనికి సాక్ష్యమూ ఉంది. జయరాశి భట్టు రాసిన తత్త్వోపప్లవసింహం ఏ ప్రమాణాన్నీ ఒప్పుకోని గ్రంథం. దాన్ని పాఠం చెప్పే పరంపర ఏదీ మిగలలేదు. అయినా గుజరాత్‌లోని పాటణం జైన భాండాగారంలో ఒక తాళపత్ర ప్రతి ఉండిపోయింది. 1926లో అది పండితుల కంట పడింది, 1940లో సుఖలాల్ జీ, రసిక్‌లాల్ పారిఖ్ పరిష్కరించగా బరోడా నుంచి అచ్చయింది. తమకు ప్రత్యర్థి అయినవాడి గ్రంథాన్ని కూడా జైనులు వందల ఏళ్లు భద్రపరిచారు. తెలుగునేల మీద అలాంటి భాండాగారాలు లేకపోవడం మనకు తీరని లోటే. దాన్ని కాదనను. కానీ మిగతా కథ కూడా చూడాలి. మన వాన గాలికి, చెదలకు తాటాకు మూడు నాలుగు వందల ఏళ్లకు మించి నిలవడం అరుదు. పసరు రాసినా, గుడ్డలో కట్టినా, ఏటా సరస్వతీ పూజకు దించి దులిపినా అంతే. అంటే కొన్ని తరాలకొకసారైనా ఎవరో ఒకరు కూర్చుని గంటంతో మళ్లీ రాస్తేనే గ్రంథం బతికేది. ఎవరు రాస్తారు? చదవాల్సినవాడు, లేదా చదివేవాడి కోసం కూలికి రాసేవాడు. చదువు ఆగిన చోట రాత ఆగేది.

దీనికి తెలుగువారికి అన్నింటికంటే దగ్గరి ఉదాహరణ బౌద్ధం. వేంగి ప్రాంతంలోని ఒక కొండ మీద దిఙ్నాగుడు హేతువిద్యా గ్రంథం రాశాడని యువాన్ చాంగ్ ఏడో శతాబ్దంలో రాసిపెట్టాడు. నాగార్జునుడిని సంప్రదాయం శ్రీపర్వతంతో ముడిపెడుతుంది. ఈ ఇద్దరి గ్రంథాల ప్రతులు ఆంధ్రదేశంలో ఏ ఇంటి అటక మీదా దొరకలేదు. నాగార్జునుడి విగ్రహవ్యావర్తని సంస్కృత ప్రతిని 1930లలో రాహుల్ సాంకృత్యాయన్ టిబెట్ మఠంలో వెదికి పట్టుకున్నారు. దిఙ్నాగుడి ప్రమాణసముచ్చయాన్ని టిబెటన్ అనువాదాల నుంచి మళ్లీ సంస్కృతంలోకి తేవలసి వచ్చింది. 1930లో రంగస్వామి అయ్యంగార్ మైసూరు నుంచి మొదటి అధ్యాయాన్ని అలా కూర్చి ప్రచురించారు. కృష్ణాతీరంలో బౌద్ధాచార్యులు పాఠం చెప్పడం మానేశాక ఆ గ్రంథాలను తిరగరాసేవాడు లేడు. అవి పాఠం సాగిన దేశానికి వెళ్లి బతికాయి. అన్నంభట్టు తర్కసంగ్రహం మాత్రం ప్రతి పల్లెలోనూ ఉంది, ప్రతి తరమూ దాన్ని చదివింది కాబట్టి. జయరాశి గ్రంథం దొరికింది, నిజమే. కానీ దాని ఆక్షేపణల్లో ఏది ఎవరి మీద ఎక్కుపెట్టిందో తేల్చడానికి పరిష్కర్తలు ఎంత శ్రమపడ్డారో ఆ ముద్రణను తిరగేసినవారికి తెలుస్తుంది. గ్రంథాన్ని భాండాగారం కాపాడింది, దారి చెప్పే గురువును కాపాడలేకపోయింది.

తెలుగువాడైన మల్లినాథుడిని తలచుకుంటే జవాబుదారీ అన్న మాటకు నేనిచ్చే అర్థం స్పష్టమవుతుంది. మెదకు సీమ కొలిచెలమ వాడైన ఈయన కావ్యవ్యాఖ్యాతగా లోకానికి తెలుసు. వరదరాజు తార్కికరక్షకు నిష్కంటకమనే వ్యాఖ్య రాసిన తార్కికుడు కూడా. ఆధారం లేనిది రాయను, అక్కర్లేనిది చెప్పను అని వ్యాఖ్య మొదట్లోనే ఆయన మాట ఇచ్చాడు. ఆ మాట వెనుక ఒక సమాజం ఉంది. ఆధారం లేకుండా రాస్తే సభలో పట్టుకునేవాళ్లు ఉన్నారని ఆయనకు తెలుసు. విజయనగరం, పిఠాపురం సంస్థానాల్లో నవరాత్రులకు జరిగే సభలు, విద్వద్గద్వాల అని పేరు తెచ్చుకున్న గద్వాలలో పండితులకు జరిగే సన్మానాలు, వనపర్తి ఆదరణ, వీటిని మనం వైభవంగానే గుర్తుంచుకున్నాం. వాటికి మరో పని కూడా ఉండేది. ఎవరు ఏ గ్రంథం ఎంతవరకు చదివారు, ఎవరి దగ్గర ఏ ప్రతి ఉంది, ఎవరి శిష్యుడు ఎలా నిలిచాడు అన్న కబురు సభ నుంచి పదూళ్లకు వెళ్లేది. కాశీ వెళ్లి వచ్చినవాళ్లు అక్కడి కబురు తెచ్చేవాళ్లు. గ్రంథసూచిక, సమీక్ష, పరీక్ష మూడూ ఆ సభల్లో కలిసి నడిచేవి.

గ్రంథాలు ఇళ్ల నుంచి సంస్థలకు కదలడం మొదలైనప్పుడు కూడా మనిషి వెంటనే తప్పుకోలేదు. మెకంజీకి కావలి సోదరులు, కడపలో బ్రౌన్‌కు ఆయన కొలువులోని పండితులు గ్రంథాలకు దారి చూపారు. బ్రౌన్ సొంత డబ్బుతో ప్రతులు సేకరించి, నాలుగైదు ప్రతులు పక్కపక్కన పెట్టించి, పాఠభేదాలు గుర్తించి కాగితం మీద రాయించాడు. ఈ ఇద్దరి సేకరణల్లో చాలా భాగం చివరికి మద్రాసు ప్రాచ్య లిఖిత పుస్తక భాండాగారానికి చేరింది. 1869లో ఏర్పడిన ఆ భాండాగారం వర్ణనాత్మక సూచికలు ఈ దేశపు గొప్ప పనుల్లో ఒకటి. ఒక్కో ప్రతికి పత్రాలెన్ని, పుటకు పంక్తులెన్ని, లిపి ఏది, స్థితి ఎలా ఉంది, మొదటి వాక్యం ఏది, చివరి గద్య ఏది అని రాసిపెట్టారు. అదే అభిమానంతో మద్రాసు విశ్వవిద్యాలయం 1935లో బృహత్సూచికకు పూనుకుంది, రాఘవన్ సంపాదకత్వంలో 1949లో మొదటి సంపుటం వచ్చింది. ఈ భాండాగారాల్లో కూర్చున్నవాళ్లు ఎవరు? మానవల్లి రామకృష్ణకవి, వేటూరి ప్రభాకరశాస్త్రి వంటివాళ్లు. రామకృష్ణకవి నన్నెచోడుడి కుమారసంభవాన్ని వెలికి తెచ్చి 1909లో అచ్చు వేయించారు. నాట్యశాస్త్రానికి అభినవగుప్తుడి వ్యాఖ్యను శిథిల ప్రతుల నుంచి పరిష్కరించి 1926 నుంచి బరోడా ద్వారా సంపుటాలుగా తెచ్చారు. భాండాగారానికి వెళ్లినవాడికి సూచికతో పాటు ఆ సూచికను కంఠస్థం చేసిన ఇలాంటి మనిషి కూడా దొరికేవాడు. అటక భాండాగారమైంది, గురువు క్యూరేటరయ్యాడు. పద్ధతి మాత్రం ఇంకా ఒక తరం పాటు అదే.

అచ్చు వచ్చినప్పుడూ అంతే. 1854లో మొదలైన వావిళ్లవారి ప్రచురణలు ఉపనిషత్తులను, భాష్యాలను, కావ్యాలను తెలుగు లిపిలో, వ్యాఖ్యలతో, పరిష్కర్త పేరు ముఖపత్రం మీద వేసి ఇచ్చాయి. నాగరి చదవలేని తెలుగువాడికి సంస్కృత దర్శనం తన సొంత అక్షరాల్లో అందడం చిన్న సంగతి కాదు. ఉపాధ్యాయుడు, వైద్యుడు, చిన్న రైతు దాన్ని కొనుక్కుని చదివారు. ఆపైన గ్రంథాలయోద్యమం వచ్చింది. 1901లో హైదరాబాదులో శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయం, 1914లో బెజవాడలో ఆంధ్రదేశ గ్రంథాలయ సంఘం, 1918లో వేటపాలెంలో సారస్వత నికేతనం. అయ్యంకి వెంకటరమణయ్య ఊరూరా తిరిగారు, పాతూరి నాగభూషణం కృష్ణా డెల్టా కాలువల్లో పడవ మీద పుస్తకాలు తిప్పారు. అలాంటి ఊరి గ్రంథాలయాన్ని నడిపినవాడు ఉద్యోగి కాదు, ఆ పుస్తకాలను ముందుగా తాను చదివినవాడు. వివేకానందుడిని చదివి వచ్చిన కుర్రవాడికి ఇక శాంకరభాష్యం తెలుగు వివరణ చూడమనో, దానికి ముందు పంచదశి చదవమనో చెప్పగలిగినవాడు. అగ్రహారం అరుగు మీద జరిగిన పనే ఇక్కడా జరిగింది, తలుపులు మరింత తెరుచుకుని.

తలుపుల సంగతి సూటిగా ఒప్పుకోవాలి. గురువుగారి అరుగు అందరిదీ కాదు. శూద్రుడికీ, దళితుడికీ, దాదాపు ఏ స్త్రీకీ అక్కడ చోటు లేదు. వారాలు చేసుకుని చదివిన పేద కుర్రవాడి కష్టాన్ని మెచ్చుకునేవాళ్లం, వారం కూడా దొరకని కులాల కుర్రవాడిని మరచిపోకూడదు. చోటు ఉన్నవాళ్లలోనూ దాపరికం తక్కువేమీ కాదు. మిథిలలో తత్త్వచింతామణిని రాసుకోనివ్వకపోతే వాసుదేవ సార్వభౌముడు మొత్తం కంఠస్థం చేసి నవద్వీపానికి తెచ్చాడని చెప్పుకునే కథ నిజమో కాదో గానీ, ఆ కథ పుట్టిన వాతావరణం నిజం. తాతగారి కట్టలను ఎవరికీ చూపకుండా దాచి, చివరికి చదివేవాడు ఇంట్లో లేక గోదావరిలో కలిపిన కుటుంబాలు ఉన్నాయి. ఈ అన్యాయాన్ని ఆ పద్ధతికి ఒక మచ్చ అని చెప్పి దాటిపోవడం నాకు ఇష్టం లేదు. అది ఆ పద్ధతిని లోపల నుంచి తినేసింది. చదివేవాళ్లను కొద్దిమందికి పరిమితం చేసిన విద్యకు, ఆ కొద్దిమంది పిల్లలు ఇంగ్లీషు బడికి వెళ్లగానే తిరగరాసేవాడు లేకుండా పోయాడు. ఒక్క తరంలో గొలుసు తెగింది.

అయితే మనిషి ద్వారా ఆకరం చేరే పద్ధతి, ఆ కులవ్యవస్థ రెండూ ఒకటే, ఒకటి పోవాలంటే రెండోదీ పోవాల్సిందే అనే వాదనను నేను ఒప్పుకోను. అగ్రహారం బయట కూడా ఈ పద్ధతి నడిచింది. అచల సంప్రదాయపు గురువులు, వీరబ్రహ్మం శిష్యపరంపరలు, తత్త్వాలు పాడుకునే గుంపులు పలు కులాల వాళ్లను చేర్చుకున్నాయి. వీరబ్రహ్మం శిష్యుడైన దూదేకుల సిద్ధయ్య పేరు తెలియని తెలుగువాళ్లు తక్కువ. తత్త్వం పాడేవాడి దగ్గర రాత పుస్తకం ఉన్నా అర్థం గురువు చెబితేనే తెలిసేది. పిండం, బ్రహ్మాండం, ఎరుక, బయలు అన్న మాటలను ఆ సంప్రదాయం ఏ అర్థంలో వాడుతుందో నిఘంటువు చెప్పదు. వేదాంతానికి భామతి ఎలాగో, ఆ తత్త్వానికి ఆ గురువు మాట అలాగ. దాన్ని విన్నవాళ్లు వేదాధికారం లేనివాళ్లే. ఇక గ్రంథాలయోద్యమం ఈ పద్ధతిని కులపు కంచె బయటికి పూర్తిగా తెచ్చే ప్రయత్నం. కాబట్టి దారి చెప్పే మనిషి ఉండాలని కోరడం పాత అధికారాన్ని తిరిగి కోరడం కాదు.

నేటి పరిస్థితి వేరని, విద్యార్థి చేతిలో ఇంతకుముందెన్నడూ లేనన్ని గ్రంథాలు ఉన్నాయని మరో మాట వినిపిస్తుంది. అదీ నిజమే. 2003లో జాతీయ లిఖితప్రతుల మిషన్ మొదలయ్యాక లక్షల ప్రతుల వివరాలు నమోదయ్యాయి. పాత అచ్చు పుస్తకాలు వేలకు వేలు స్కాన్ అయ్యాయి. విశ్వవిద్యాలయాలు అధస్సూచికలు నేర్పాయి. రాధాకృష్ణన్, దాస్‌గుప్త గ్రంథాలు వచ్చాక ‘కేచిత్’ ఎవరో పేరుతో సహా చెప్పే అలవాటు వచ్చింది. అది గురువు నోటి మాటను కాగితం మీదికి తెచ్చిన గొప్ప మేలు, అందరికీ ఒకేలా అందేది. ఆంధ్ర విశ్వవిద్యాలయంలో చదువు చెప్పిన కొత్త సచ్చిదానందమూర్తి వంటివారు రెండు పద్ధతులూ తెలిసిన మనుషులు. కానీ ఆ మేలు ఏ గ్రంథాలకు దక్కింది? ఇంగ్లీషులోకి వెళ్లిన భాష్యాలకు, ప్రకరణాలకు. వ్యాఖ్యకు వ్యాఖ్యగా ఉన్న మధ్య మెట్లకు చాలావరకు దక్కలేదు. ఇక తెలుగు లిపిలో అచ్చయిన సంస్కృత గ్రంథాల సంగతి చూడండి. నాగరే విద్వత్ లిపి అనుకున్న రోజు నుంచి అవి పరిశోధకుల లెక్కలోంచి జారిపోయాయి. స్కాన్ చేసిన చోట పేర్లు ఇంగ్లీషు అక్షరాల్లో తప్పుల తడకగా ఎక్కాయి. ముక్తావళి కోసం వెతికినవాడికి దొరకదు, వెతకనివాడి కంట పడుతుంది. పడినా, అది దినకరితో ఉందో, ఒట్టి మూలమో, ఎవరు పరిష్కరించారో, ఏ ప్రతులు చూశారో తెలిపే మొదటి నాలుగు పుటలే తరచు ఉండవు. నూరేళ్ల కిందటి విద్యార్థికి ఒక్క ప్రతి దొరికేది, అది ఎటువంటిదో తెలిసేది. నేటి విద్యార్థికి ఇరవై ప్రతులు దొరుకుతాయి, వాటిలో ఏది చదవాలో చెప్పేవాడు లేడు.

నేర్చుకునేవాడు తానే తేల్చుకోవాలి, స్వతంత్రంగా ఆలోచించడమే కదా తత్త్వశాస్త్రం అని ఆధునికుడు అనవచ్చు. ఈ మాట వినడానికి బాగుంది. కానీ ఎవరితో వాదిస్తున్నామో తెలియకుండా స్వతంత్రంగా వాదించలేం. ఖండనం సరిగ్గా తగిలిందో లేదో తెలియాలంటే పూర్వపక్షం పూర్తిగా తెలియాలి. పాఠంలో గురువు చేసిన పని ఆలోచనను అడ్డుకోవడం కాదు. ఆలోచన ఎక్కడ మొదలవాలో ఆ చోటికి తీసుకెళ్లడం. అక్కడికి చేరాక శిష్యుడు గురువుతోనే వాదించేవాడు, వాక్యార్థ సభలు అందుకే ఉన్నాయి.

గాదాధరిని, భామతిని, భాట్టదీపికను మొదటి నుంచి చివరి పంక్తి వరకు పాఠం చెప్పగలిగినవాళ్లు తెలుగునేల మీద ఇంకా కొందరు ఉన్నారు. వాళ్ల పాఠాలు రికార్డు చేసినా చాలదు, గంటల కొద్దీ ధ్వనిలో ఏ పంక్తి ఎక్కడుందో ఎవరూ వెతకలేరు. ఒక్కో అచ్చు ప్రతి ముందు పెట్టుకుని, ప్రతి ‘కేచిత్’ దగ్గర ఆగి, అది ఎవరు, ఏ గ్రంథంలో, ఏ ప్రతి నమ్మదగినది, ఈ పంక్తిని ముందువాళ్లు ఎలా పొసగించారు అన్నది వాళ్లు చెబుతుంటే తెలుగులో రాసి, ఆ రాతను స్కాన్ చేసిన పుస్తకానికి కలిపి పెట్టాలి. రాసేవాడి పేరూ, చెప్పినవారి పేరూ ప్రతి పుట మీద ఉండాలి, తప్పైతే అడగడానికి. ఏ కులం వాడైనా, ఏ ఊరి అమ్మాయైనా అక్కడి నుంచి మొదలుపెట్టగలగాలి. దీనికి పెద్ద భవనం అక్కర్లేదు. ఒక గ్రంథానికి ఇద్దరు మనుషులు, రెండు మూడేళ్ల కాలం కావాలి. చెప్పగలిగినవాళ్లలో చాలామంది ఇప్పటికే వృద్ధులు కాబట్టి ఆ రెండు మూడేళ్లు ఇప్పుడే మొదలవాలి.